మా పాప గోల్డ్ మెడల్ సంగతి

ఈ వారం మిర్చిలో నల్ల తామర పురుగు గురించి రాస్తానన్నాను. అది వచ్చే ఆదివారం రాస్తాను, ఏమీ అనుకోవద్దు. మొన్న మన పేజీ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా బాబుని ఇంటర్నేషనల్ కరాటే పోటీకి ఎంపిక చేశారంట, ఆరు వేలు కట్టమంటున్నారు. మీ పాప కరాటే ఆడుతుంది కదా, కట్టమంటావా" అని. అతనికి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను. కానీ ఆ తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2023 వేసవిలో మా పాపకి నేషనల్ గోల్డ్ మెడల్ వచ్చిందని ఇదే పేజీలో ఫోటో పెట్టింది నేనే. మీరంతా మెచ్చుకున్నారు. ఊళ్ళో ఫ్లెక్సీ కూడా కట్టించాను. ఆ మెడల్ సంగతి మీకు నేను పూర్తిగా చెప్పలేదు.

మొదటి నుంచి చెప్తాను. మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా హైస్కూల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ అని మూడు నెలలు కరాటే నేర్పించారు. గవర్నమెంటు బడుల్లో రాణి లక్ష్మీబాయి పేరు మీద ఇచ్చే శిక్షణ అది. మూడు నెలలయ్యాక మిగతా పిల్లలు మానేశారు, ఇది మానలేదు. టౌన్లో ఒక మాస్టారు దగ్గర చేరతానంది. మా అమ్మ అయితే "ఒరేయ్, ఆడపిల్లకి తన్నులాట నేర్పిస్తావంట్రా, రేపు ఎవడు చేసుకుంటాడు" అని ఒకటే గోల. నేను మాత్రం చేర్పించాను. అప్పటికి నల్ల తామర తిన్న ఏడాది అప్పు ఇంకా తీరలేదు. అయినా ఇంట్లో ఒక్కరి మొహంలో అయినా హుషారు కనపడుతుంది కదా అనిపించింది.

ఆర్నెల్లు తిరక్కుండానే నేషనల్ ఓపెన్ ఛాంపియన్‌షిప్ అని ఒక పోటీ కాగితం వచ్చింది. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అనేది ఇప్పుడు అనవసరం. కటాకి, కుమితేకి కలిపి 1,800 ఫీజు. కటా అంటే ఎదుట మనిషి లేకుండా వరసగా దెబ్బలు, అడుగులు చేసి చూపించేది. కుమితే అంటే ఇద్దరు ఎదురెదురుగా ఆడేది. ఒక కల్యాణ మండపంలో పెట్టారు. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి మా పాప పేరు పిలిచారు. తన గ్రూపులో ఉన్నది ముగ్గురే పిల్లలు. ఒక ఆట బై అన్నారు, అంటే ఆడకుండానే పైకి. రెండో ఆట గెలిచింది. గోల్డ్. మిగతా ఇద్దరికీ సిల్వరూ, బ్రాంజూ. మండపంలో మెడలో మెడల్ లేని పిల్లకాయ నాకు కనపడలేదు. అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. నా కూతురి మెడలో పచ్చగా మెరుస్తుంటే నాకు ఇంకేం కనపడుద్ది చెప్పండి.

విత్తన ప్యాకెట్ మీద కాయల బొమ్మ చూసి, లాట్ నంబరు చూడకుండా కొని మునిగిన వాళ్ళని ఈ పేజీలోనే ఎన్నిసార్లు తిట్టానో మీకు తెలుసు. నేను చేసింది కూడా అదే.

తర్వాత స్పోర్ట్స్ కోటా సంగతి కనుక్కుందామని ఆ సర్టిఫికెట్ పట్టుకుని నరసరావుపేట వెళ్ళాను. అక్కడ క్రీడల ఆఫీసులో ఒక పెద్దాయన మర్యాదగా కూర్చోబెట్టి చెప్పాడు. "చూడండి, నేషనల్ అనే మాట ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. కోటాకి ఏ సంఘం పోటీలు లెక్కలోకి వస్తాయో జీవోలో ఉంటుంది. ఇది అందులోకి రాదు. ఇంకో సంగతి, నేషనల్‌కి ఎవరూ నేరుగా వెళ్ళరు. జిల్లాలో గెలిచి, రాష్ట్రంలో గెలిస్తే పంపిస్తారు" అన్నాడు. ఆ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి. మెట్లు ఎక్కకుండా పై అంతస్తుకి తీసుకెళ్తామంటే, డబ్బులు కట్టే ముందు కింద మెట్లు ఏవని అడగండి. కింద ఏ పోటీలో ఎంపిక చేశారు, ఏ సంఘం గుర్తింపు ఉంది, మా పిల్లాడి వయసులో, బరువులో ఎంతమంది పేర్లు ఇచ్చారు అని అడిగితే చాలు. సూటిగా చెప్పే వాళ్ళూ ఉంటారు, విసుక్కునే వాళ్ళూ ఉంటారు. అక్కడే తెలిసిపోద్ది.

అన్ని ఓపెన్ పోటీలూ దండగని నేను అనను. కొత్త పిల్లలకి జనం ముందు ఆడే బెరుకు పోవడానికి దగ్గర్లో జరిగే చిన్న పోటీ మంచిదే. అలవాటు కోసమని తెలిసి, తక్కువ ఫీజుతో వెళ్తే ఏ గొడవా లేదు. ఫ్లెక్సీ కట్టించుకుంటేనే గొడవ.

బడి పిల్లలకి ఉన్న దారి స్కూల్ గేమ్స్. ఎస్‌జీఎఫ్ అంటారు. అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని ఉంటాయి, అందులో కరాటే కూడా ఉంది. మన బడి పీఈటీ సారుని అడిగితే ఎంపికలు ఎప్పుడో చెప్తారు. ఫారం మీద హెడ్మాస్టరు సంతకం, స్టడీ సర్టిఫికెట్టు, ఆధారు కావాలి. నేను ఇక్కడే బోల్తా పడ్డాను. పాప పుట్టింది సెప్టెంబరులో. ఆధార్ తీయించిన రోజు నేను తేదీ సరిగ్గా చెప్పక జనవరి 1 అని పడింది. బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఆ ఏడాది ఎంపికలకి ఫారమే వెళ్ళలేదు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి బర్త్ సర్టిఫికెట్ ముందు పెట్టుకుని జాగ్రత్తగా మార్పించుకోండి. పోటీల సంగతి తర్వాత, ఈ పని రేపే చేయండి.

ఇక తయారీ. 2024 ఫిబ్రవరిలో ఒక సంఘం వాళ్ళ జిల్లా ఎంపికలు పెట్టారు. సరిగ్గా మిర్చి కోతల రోజులు. కూలీలు దొరక్క నేనూ, మా ఇంటిదీ చీకటితోనే చేలో దిగుతున్నాం. సాయంత్రం కళ్ళంలో కాయలు ఒక పక్కకి నెట్టి, టేపు పెట్టి ఎనిమిది మీటర్ల చదరం కొలిచి, నాలుగు వైపులా ముగ్గు గీశాం. పోటీలో ఆడే మ్యాట్ అంతే ఉంటుంది. అందులో మా పాపా, మాస్టారి దగ్గర నేర్చుకునే ఇంకో పిల్లా ఆడేవాళ్ళు. నేను సెల్లులో రెండు నిమిషాలు టైం పెట్టేవాణ్ణి. ఆ వయసు పిల్లలకి ఆట రెండు నిమిషాలే. రెండు నిమిషాలేనా అని నవ్వుకున్నాను. ఒకసారి చూస్తే తెలుస్తుంది, బస్తా భుజాన వేసుకుని గట్టెక్కినట్టు ఆయాసం వస్తుంది పిల్లలకి.

లెక్క కూడా నేర్చుకున్నాను. చేత్తో కొడితే ఒక పాయింటు, కడుపు మీదో వీపు మీదో తంతే రెండు, తల ఎత్తున కాలు వెళ్తే మూడు. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో సరి. అయితే గట్టిగా తగలకూడదు. కాలు మొహం దాకా వెళ్ళి ఆగాలి. గట్టిగా కొట్టిన వాళ్ళకే తప్పు పడుద్ది. ఇది విన్నాక మా అమ్మ కొంచెం మెత్తబడింది. "అయితే కొట్టకుండా కొట్టడమా" అంది. అంతేనమ్మా అన్నాను.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. 14, 15 ఏళ్ళ ఆడపిల్లలకి 47 కిలోల లోపు ఒక తరగతి, ఆ పైన 54 లోపు ఒకటి. ఎరువుల కొట్టు కాటా మీద మా పాప 48 కిలోల 600 తూగింది. పోటీకి రెండు వారాలు టైం ఉంది. చిన్న పిల్లలతో ఆడితే గెలుస్తుందని నాకు ఆశ. "ఒకటిన్నర కిలోనే కదమ్మా, దించేయలేవా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. మాస్టారు అనలేదు, వాళ్ళమ్మ అనలేదు.

పాప అన్నం మానేసింది. ఇంట్లో అడిగితే బళ్ళో తిన్నానంది. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద పరిగెత్తుతుంటే చూశాను. ఒంటి మీద నేను మందు కొట్టేటప్పుడు వేసుకునే ప్లాస్టిక్ కోటు. చెమట కారిపోతోంది. ఆపాలి కదా. నేను ఆపలేదు. నా కూతురికి ఎంత పట్టుదలో అని పక్క చేను ఆయనకి చూపించాను.

పోటీ రోజు కాటా మీద 46 కిలోల 800. చప్పట్లు కొట్టాను. మొదటి ఆటలో మొదటి అర నిమిషంలోనే కడుపు మీద కాలు వేసి రెండు పాయింట్లు తెచ్చింది. అంతే. తర్వాత కాలు లేవలేదు. అవతలి పిల్ల వరసగా కొడుతుంటే చేతులు కూడా ఎత్తలేదు. ఓడిపోయి, దణ్ణం పెట్టి, గోడ దాకా వచ్చి వాంతి చేసుకుంది. వాంతిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. గ్లూకోజు నీళ్ళు కలిపి ఇచ్చిన ఒక లేడీ రెఫరీ నా వైపు చూసి, "ఎదిగే పిల్లని ఎండబెట్టి తెచ్చారా సార్" అంది.

ఆమెకి నేను మిర్చి రైతునని తెలియదు. కాయలో తేమ ఉంటే యార్డులో ధర కోసేస్తారు కాబట్టి కళ్ళంలో ఎండబెట్టి టిక్కీలు తొక్కుతాం. అక్కడ బరువు తగ్గితే మనకి ఏడుపొస్తుంది. ఇక్కడ పిల్ల బరువు తగ్గితే చప్పట్లు కొట్టాను.

బస్సులో పాప నా భుజం మీద తల పెట్టుకుని, "సారీ నాన్నా, ఇంకోసారి ఇంకా ముందు నుంచి తగ్గిస్తా" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఇంటికి వెళ్ళాక వాళ్ళమ్మకి అంతా చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ కోటు మాత్రం తీసి కట్టెల పొయ్యిలో పడేసింది. కొత్తది కొనుక్కోవాల్సి వచ్చింది, పర్లేదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "ఈ వయసులో బరువు దించొద్దండీ. పిల్ల ఎంత తూగితే ఆ తరగతిలో ఆడాలి. పెరుగుతుంటే పై తరగతికి వెళ్ళాలి" అన్నాడు. పిల్లల్ని పోటీలకి తీసుకెళ్ళే వాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. తీసుకెళ్ళేటప్పుడు అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు, నీళ్ళు మన సంచిలోనే ఉండాలి. పేరు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. చేతి గ్లవ్స్ ఎరుపు ఒక జత, నీలం ఒక జత ఉండాలి, ఏ రంగు వైపు పడతామో మన చేతుల్లో లేదు. పళ్ళకి గమ్ షీల్డు, కాళ్ళకి గార్డులు అరువు తెచ్చుకోకండి, సైజు కుదరక జారిపోతాయి.

తర్వాత ఏడాది పాప 50 దాటింది. 54 లోపు తరగతిలో ఆడింది. ఎదురొచ్చిన పిల్లలు తనకంటే జానెడు పొడుగు. పొడుగు వాళ్ళకి కాలు దూరం నుంచే అందుతుంది, అందుకని ఆ ఏడాదంతా లోపలికి దూరి చేత్తో కొట్టి బయటికి రావడమే నేర్పించాడు మాస్టారు. కళ్ళంలో ఆవిడగారు కూడా చీర దోపుకుని పొడుగాటి కర్ర పట్టుకుని ఎదురు నిలబడేది, దాన్ని తప్పించుకుని లోపలికి రమ్మని. రెండు ఆటలు గెలిచి, మూడోది ఒక్క పాయింటుతో ఓడిపోయింది. బ్రాంజ్ వచ్చింది. ఆ గ్రూపులో పదకొండు మంది. ఈసారి నేను వెళ్ళగానే లెక్కపెట్టుకున్నాను.

ఆ పోటీ ఫోటో పేజీలో పెట్టొద్దని పాపే అంది. పాత గోల్డ్ మెడల్ ఎక్కడుందని అడిగితే ట్రంకు పెట్టెలో అడుగున వేశానంది. నేను అప్పుడు పెట్టిన పోస్టు తీసేయనా అంటే, "ఉంచు నాన్నా, కింద నిజం రాయి" అంది. అందుకే ఇది రాశాను. ఆ పోస్టు కింద దీని లింకు పెడతాను.

ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. గోడ క్యాలెండరులో నేను మందు కొట్టే తేదీలు రాసుకుంటే, పక్కన తను ఎంపికల తేదీలు రాసుకుంటుంది. ఈసారి కూడా రెండూ ఒకే వారంలో పడ్డాయి. కూలీలకి ముందే చెప్పి పెట్టాను. తమ్ముడూ, ఆరు వేలు కట్టలేదని నిన్న మెసేజ్ పెట్టావు, చూశాను. మీ ఊరి పీఈటీ సారు దగ్గరికి బాబు బర్త్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళు. వచ్చే ఆదివారం తామర పురుగు.