కర్ర మీద ఫోకస్

మూఢం వచ్చిందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి పని ఉండదు. ఆషాఢం, పుష్యం కూడా అంతే. గుడివాడ చుట్టుపక్కల కల్యాణ మండపాలకు తాళాలు పడతాయి. అప్పటిదాకా పెండింగులో పడి ఉన్న ఆల్బమ్ డిజైన్లు తప్ప మా చేతిలో ఏమీ మిగలదు. ఆ ఖాళీ రోజుల్లో బండేసుకుని నందివాడ వైపు పోతుంటాను. చేపల చెరువుల గట్ల మీద తిరుగుతూ మనుషుల ముఖాలు తీస్తాను. ఇందులో పైసా రాదు, పెట్రోలు దండగ అని ఇంట్లో అంటారు. పెళ్లిళ్లకు వాడే ఖరీదైన లెన్సు ఆ రోజుల్లో బీరువాలోనే ఉంటుంది. బ్యాగులో ఉండేది పాత రష్యన్ 135 ఎం.ఎం. ఒక్కటే.

దాని పేరు జూపిటర్-37ఏ. కజాన్‌లో తయారైంది. సోవియట్ యూనియన్‌లో డాక్టరీ చదివొచ్చిన మా పెదనాన్న స్నేహితుడొకాయన జెనిట్ కెమెరాతో పాటు తెచ్చుకున్నాడు. బెజవాడ విశాలాంధ్రలో రష్యన్ కథల పుస్తకాలు చవగ్గా దొరికిన కాలం అది. కెమెరా షట్టరు ఎప్పుడో పోయింది, లెన్సు మాత్రం నిక్షేపంగా ఉంది. అసలు ఈ జూపిటర్ వరసకు పుట్టిల్లు జర్మనీ. లుడ్విగ్ బెర్టెలె జైస్ కంపెనీలో సోనార్ అనే అద్దాల అమరిక తయారుచేశాడు, 1932లో కాంటాక్స్ కెమెరాతో అది బజారుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నష్టపరిహారం కింద జైస్ యంత్రాలు, నమూనాలు సోవియట్ ఫ్యాక్టరీలకు చేరాయి. అక్కడ సోనార్‌లు జూపిటర్‌లయ్యాయి.

దీన్ని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించడం తేలిక. పాత 42 ఎం.ఎం. మర మౌంటు లెన్సు ఫిల్ముకు 45.46 ఎం.ఎం. దూరంలో కూర్చోవాలి. నా కెమెరాలో మౌంటుకీ సెన్సర్‌కీ మధ్య ఉన్నది 18 ఎం.ఎం. ఆ తేడా నింపే ఖాళీ గొట్టమే అడాప్టర్. అందులో అద్దం ఉండదు, కరెంటు ఉండదు. లెన్సు ఏదో, ఎంత తెరుచుకుందో కెమెరాకు తెలియదు. చేయి వణుకు సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే మెనూలోకి వెళ్లి 135 అని మనమే నింపాలి. అది మర్చిపోతే, స్టెబిలైజేషన్ ఆపేయడమే నయం అనిపించే బొమ్మలు వస్తాయి. లెన్సు మీద ఎఫ్ నంబరుకు రెండు రింగులున్నాయి. ఒకటి ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తుంది. రెండోది పూర్తిగా తెరిచిన స్థితి నుంచి అక్కడిదాకా క్లిక్కుల్లేకుండా జారుతుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చూసుకుని, కళ్లు తీయకుండా రెండో రింగు ఆగినంత మేర తిప్పి, తీయాలి. ఫోకస్ రింగేమో తిప్పుతూనే ఉండాలి, ఒకటే సాగుతుంది.

పోర్ట్రెయిట్‌కి టెలీ లెన్సు ఎందుకంటే ముఖం చక్కగా వస్తుందని అందరూ అంటారు. చక్కగా రావడానికి అసలు కారణం దూరం. ఫోన్లో తల, ఛాతీ నిండేలా తీయాలంటే రెండడుగుల దగ్గరికి పోవాలి. అంత దగ్గర్నుంచి చూస్తే ముక్కు కొస చెవికంటే ఐదో వంతు పెద్దదిగా పడుతుంది. 135తో అదే ఫ్రేమ్‌కి పదడుగుల దూరంలో నిలబడాలి. అక్కడ ఆ తేడా నాలుగైదు శాతానికి దిగిపోతుంది. మనం ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ల ముఖం మనకు గుర్తుండేది కూడా ఇంచుమించు అలాగే. లెన్సు చేసే పనల్లా అంత దూరంలో నిలబడేలా చేయడం, ఫ్రేమ్ నింపడం.

పదడుగుల దూరంలో ఎఫ్ 3.5 దగ్గర ఫోకస్ లోతు నాలుగంగుళాలు. ముక్కు నుంచి చెవి దాకా కూడా చాలదు. పెళ్లిలో ఇది నాకు సమస్యే కాదు. ఇప్పటి కెమెరా కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. పెళ్లికూతురు తల తిప్పినా, తలంబ్రాలు ముఖాన పడినా వదలదు. మొదట్లో ఈ పాత లెన్సుతో నేనూ అదే పని చేత్తో చేస్తూ పోయాను. మనిషి కదిలిన కొద్దీ రింగు తిప్పడం, నేను అందుకునేసరికి అతను ఇంకోచోట ఉండటం. ఫోకస్ కుదిరిన చోట స్క్రీన్ మీద ఎర్రగా మెరిసే పీకింగ్ గీతలు కంటి మీదికి వచ్చేసరికి ఆ చూపు అయిపోయి ఉండేది.

అలా కాదని నేర్చుకున్నది చెరువు మీదే. మా వైపు శీలావతికీ బొచ్చెకీ మేత సంచుల్లో కడతారు. ఖాళీ ఎరువుల సంచులకు అడుగున బెజ్జాలు పెట్టి, తవుడు, చెక్క నింపి, చెరువులో వరసగా పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు కిందనుంచి ఆ బెజ్జాలు పీక్కుని తింటాయి. మేత కట్టే మనిషి పడవ మీద ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి పోతాడు. ప్రతి కర్ర దగ్గరా పడవ ఆపుతాడు. నిన్నటి సంచి పైకి లాగి, లోపల చెయ్యి పెట్టి మిగిలిందేమైనా ఉందా అని చూస్తాడు. మేత మిగిలిందంటే చేప సరిగ్గా తినడంలేదని. మబ్బు పట్టిన రోజుల్లో ఆ చూపు కాసేపు అక్కడే నిలుస్తుంది. తర్వాత తాడు ముడి పంటితో పట్టి బిగిస్తాడు. తల ఎత్తి తర్వాతి కర్ర వైపు చూస్తాడు. నాక్కావలసింది ఆ తల ఎత్తే క్షణం.

గట్టుకు ఇరవై అడుగుల్లో ఉన్న మొదటి వరసలో ఒక కర్ర చూసుకుని, దానిమీద ఫోకస్ పెట్టి, రింగు మీంచి చెయ్యి తీసేశాను. ఆ దూరంలో లోతు అడుగు పైచిలుకు, కొంచెం మూస్తే రెండడుగులు. అతను వచ్చి కర్ర పట్టుకున్నాడు. సంచి లాగాడు, చూశాడు, ముడి వేశాడు, తల ఎత్తాడు. నేను బటన్ నొక్కడం తప్ప చేసిందేమీ లేదు. ఏ కనుబొమ్మ వెంట్రుక ఎక్కడుందో లెక్కపెట్టుకోవచ్చు, అంత పదునుగా వచ్చింది.

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా నేను ముందు కర్ర కోసం వెతకడం మొదలుపెట్టాను. నందివాడ రోడ్డు పక్కన కత్తిపీట ముందేసుకుని చేపలు కోసే పిన్నిగారున్నారు. చేపను రెండు చేతులా పట్టి కత్తి మీదికి నెట్టేటప్పుడు తల బాగా వంగుతుంది. ముక్కలు పళ్లెంలో పడగానే తల పైకి లేస్తుంది, ఎదుటి మనిషిని చూస్తూ "తలకాయ కూడా వెయ్యమంటారా?" అని అడుగుతుంది. పీట మీద కూర్చున్న మనిషి కాబట్టి తల లేచిన ప్రతిసారీ వచ్చి ఆగేది అంగుళం అటూ ఇటూగా ఒక్కచోటే. ఆవిడ చెవి దుద్దు మీద ఓసారి ఫోకస్ చూసుకుని, ఒక్క పిసరు ముందుకు తెచ్చుకుంటే, ఇక బేరాలు తగిలే కొద్దీ ముఖం దానంతటది అక్కడికే వస్తుంది. విసుగుతో ఓసారి, నవ్వుతో ఓసారి, డబ్బులు బాకీ ఉన్నవాడొస్తే ఇంకోలా.

గుడివాడలో స్టూడియో నడిపి మానేసిన ఒక పెద్దాయనతో ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ప్లేటు కెమెరాలో అంతేగదయ్యా అన్నారు. వెనక గరుకు అద్దం మీద తలకిందులుగా కనపడే బొమ్మ చూసి ఫోకస్ పెట్టాక, ప్లేటు తొడిగితే ఆ అద్దం మూసుకుపోతుంది. అక్కణ్నించి ఫొటోగ్రాఫర్ గుడ్డివాడే. అందుకే మనిషి కంటే ముందు కుర్చీ చోటు ఖాయం చేసేవాళ్లు, మనిషి కదలకుండా చూసుకునేవాళ్లు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ నవాబుల్ని కూర్చోబెట్టిన రోజుల నుంచీ ఉన్న పద్ధతే అది. నా తేడా ఒక్కటే, కుర్చీ నేను వేయను. వాళ్లు ఎక్కడ ఆగుతారో చూసుకుంటాను.

రామాపురం ఇక్కడికి దగ్గరే, అక్కినేని నాగేశ్వరరావు గారి ఊరు. గట్టు మీద కెమెరా కనపడగానే ఎవరో ఒకరు ఆయన పేరు ఎత్తకుండా ఉండరు. ఆయన నటించిన 1953 'దేవదాసు'కి కెమెరా బి.ఎస్. రంగాది. తాగి తాగి అలిసిన కళ్లు కావాలని చాలా భాగం రాత్రిళ్లు తీశారని చెబుతారు. మేకప్‌తో తెప్పించే వీలున్నా, నిద్ర చాలని కళ్లు వాటంతటవి వాలేదాకా ఆగారట. ఆ ఓపిక నా దగ్గర ఉందనను. ఆషాఢంలో కూడా ఫోను మోగుతూనే ఉంటుంది.

టెలీ లెన్సంటే దూరం నుంచి దొంగచాటుగా తీసేది అని ఒక మాట ఉంది. ఆటోఫోకస్ 200తో అది కుదురుతుందేమో. చేతి గొట్టంతో కుదరదు. చెరువు గట్టు మీద నిలబడి పొడుగాటి గొట్టం తిప్పుతూ ఉన్నవాణ్ని అందరూ చూస్తారు.

"ఏంటబ్బాయ్, ఆ గొట్టం తిప్పుతా కూర్చున్నావ్?" అని పడవ మీంచి మేత కట్టే బాబాయ్ కేక.

"ఫోకస్ బాబాయ్. చేత్తోనే పెట్టుకోవాలి."

"నా ఫోన్లో అదే పడుద్దిగా!"

ఇలా మొదలైన మాట మేత రేటు మీదికి, అక్కణ్నించి పిల్లల చదువుల మీదికి పోతుంది. ఇంత మాట్లాడాక వాళ్ల ఫొటో వాళ్లకు చూపించకపోతే బాగుండదు. పోర్ట్రెయిట్ పుస్తకాలన్నిటిలో కనిపించే ఆ ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫొటో 1984 డిసెంబర్లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్కరీ తీశాడు. అదీ చేతి ఫోకస్ లెన్సే, నిక్కోర్ 105 ఎం.ఎం. ఎఫ్ 2.5. మరుసటేడు జూన్‌లో ఒక పత్రిక ముఖచిత్రంగా ప్రపంచమంతా చూసింది. షర్బత్ గులా అనే ఆ మనిషి తన ఫొటో తాను చూసింది 2002లో, ఆమెను వెతుక్కుంటూ మెక్కరీ మళ్లీ వెళ్లినప్పుడు. ఇది చదివిన దగ్గర్నుంచి తీసిన ప్రతి ముఖానికీ ఒక ప్రింటు వేయించి ఇచ్చి వస్తున్నాను. ల్యాబులో మాకు ఎటూ ఖాతా ఉంటుంది.

పాత లెన్సు కొనాలనుకునేవాళ్లకి డెల్టా గాలి గురించి ఒక మాట చెప్పాలి. కొల్లేరు, బుడమేరు, ఇన్ని చెరువులు ఉన్నచోట లెన్సుకు మొదటి శత్రువు తేమ. కొనేముందు ఎఫ్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి అడ్డంగా చూడాలి. అద్దం అంచున సన్నటి దారప్పోగులు పాకుతుంటే అది ఫంగస్. పూతను తినేస్తుంది, తుడిస్తే పోయినా మచ్చ ఉంటుంది. లెన్సుతో వచ్చే తోలు పెట్టె చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని వేరే పెట్టాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ చాలు. జెల్ రంగు మారితే పెనం మీద సన్న సెగన వేయించుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్లుంటారు. బియ్యానికి దుమ్ముంటుంది, ఆ దుమ్ము ఫోకస్ మరల్లోకి పోతుంది. ఈ బాధంతా ఓ రోజు పడవ బాబాయ్‌కి చెబితే ఆయన తాపీగా, "మా పక్క చెరువులోనూ ఫంగసే వేశారు, కిలోకి రేటే లేదు" అన్నాడు. ఆయన చెప్పేది పంగాసియస్ చేప గురించి.

దీని అద్దాల పూత కూడా పాతకాలందే. నీళ్ల మీద ఎండ ఎదురు కొడితే బొమ్మంతా పాలిపోతుంది. రబ్బరు హుడ్డు లేకుండా చెరువు దగ్గరికి పోవద్దు. ఆషాఢం మబ్బులో మాత్రం దీనంత మెత్తగా చర్మం రంగు చూపించే కొత్త లెన్సు నా దగ్గర లేదు. పన్నెండు రేకుల డయాఫ్రం కాబట్టి కొంచెం మూసినా వెనకాల నీటి మెరుపులు గుండ్రంగానే ఉంటాయి. లెన్సుల పిచ్చి ఉన్నవాళ్లు ఈ మెరుపుల కోసమే, వెనకంతా కరిగిపోయే ఆ మసక కోసమే పాత గొట్టాలు ఏరుకొచ్చి కొంటారు. నేనూ మొదట దానికే పడ్డాను.

పడవ బాబాయ్‌కి మొదటి ప్రింటు ఇచ్చినప్పుడు ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మొహం బానే ఉంది. చెరువేదీ?" అన్నాడు.

"వెనకాలుందిగా బాబాయ్."

"ఎక్కడుంది? బూజు పట్టినట్టుంది."

"కావాలనే అలా తీస్తాం. దీనికోసం వేలు పోసి లెన్సులు కొంటారు."

"డబ్బులు పోసి చెరువు చెరిపించుకుంటారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కర్ర దగ్గరికి ముఖం ఎలా వస్తుందో కనిపెట్టి, తీరా ఆ కర్ర ఉన్న చెరువుని బొమ్మలో లేకుండా చేస్తున్నది నేనే. ఫోకస్ కోసం వాడుకున్నది ఆయన రోజూ నిలబడే చోటు. ప్రింటులో ఆ చోటు తప్ప అన్నీ ఉన్నాయి.

అప్పట్నుంచి రెండో రింగు ఎఫ్ 11 దాకా తిప్పి కూడా ఒకటి తీస్తున్నాను. నాలుగడుగులు వెనక్కి జరిగితే గట్టు గట్టులా, కొబ్బరి చెట్టు కొబ్బరి చెట్టులా గుర్తుపట్టేటంత కనపడుతుంది, ముఖం మాత్రం విడిగానే నిలుస్తుంది. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి అడిగితే చెరువు కనపడేదే తీసుకుంటున్నారు, కత్తిపీట పిన్నిగారితో సహా. ఆవిడకి కాటా కూడా పడాలి. నాకు ఇప్పటికీ మసకదే ఇష్టం, అది నా గోడకి ఉంటుంది.

మొన్న పుష్యంలో వెళితే బాబాయ్ ముందే షరతు పెట్టాడు. ఈసారి సంచి నోటి ముడి బాగా కనపడాలట. ప్రింటు రెండు కాపీలు కావాలి, ఒకటి ఇంటికి, ఒకటి ఆసామికి. మేత గట్టిగా కట్టట్లేదని ఆ ఆసామి ఎప్పుడూ సణుగుతుంటాడు.