అందరూ సమానంగా అలసిపోతే న్యాయమేనా?

ఈ టపా ఫుట్‌బాల్ గురించి. కంగారు పడకండి, చివర్లో మన ఆన్‌కాల్ గోల కూడా ఉంది. ఈ రెండూ నా బుర్రలో ఒకే రోజు కలిశాయి... 2024 డిసెంబరు 31 రాత్రి, గచ్చిబౌలి స్టేడియంలో.

"నిజామాబాదోడివి, నీకు ఫుట్‌బాల్ ఏంట్రా?" అని ఆఫీసులో అడుగుతుంటారు. ఇండియాకి ఆడిన గుగులోతు సౌమ్య మా జిల్లా అమ్మాయే అని చెప్తే ఊరుకుంటారు :-) నా ఆట మాత్రం బోధన్ పక్కన మా ఊళ్ళో, చెరకు కొట్టేసిన మడిలో ఆడిన ఆటే.

ఇంటర్ చదివేటప్పుడు ఓ చిన్న టోర్నమెంటులో సెమీస్ దాకా వెళ్ళాం. ఆదివారం పొద్దున రెండు సెమీస్, సాయంత్రం నాలుగింటికి ఫైనల్. మొదటి సెమీస్ ఏడింటికే అయింది. మాది రెండోది. ఆలస్యంగా మొదలై, పెనాల్టీల దాకా పోయి, పన్నెండున్నరకి ముగిసింది. గెలిచాం. అంతలో ముఖ్య అతిథి గారికి వేరే పని పడిందని ఫైనల్ రెండున్నరకి జరిపారు. అవతలి జట్టు అప్పటికే తిని, ఓ కునుకు తీసి వచ్చింది. మేము అరటిపళ్ళు నమిలి గ్రౌండులోకి దిగాం. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

ఇంటికొచ్చి "వాళ్ళకి రెస్టు ఎక్కువ దొరికింది" అని ఒకటే గొణుగుడు. మా బాపు విని విని అన్నాడు: "చీటీ తీస్తే వాళ్ళ ఆట ముందుగాల వచ్చింది, మీది ఎనుక వచ్చింది. దానికెవరేం జేస్తరు? నాలుగింటికి అన్నది రెండున్నరకు జేసిన్రు సూడు, గది తప్పు."

బాపుకి ఈ సంగతి ఎందుకు తెలుసంటే, ఆయన చెరకు రైతు. 1937లో మొదలైన నిజాం షుగర్స్ చుట్టూ మా ప్రాంతం బతుకంతా తిరిగేది. 2002లో చేతులు మారి, 2015లో మూతపడింది గానీ, నా చిన్నప్పుడు చలికాలం అంటే చెరకు బండ్ల కాలమే. చెరకు ఎప్పుడు పడితే అప్పుడు కొట్టడానికి లేదు. కటింగ్ ఆర్డర్ రావాలి. ముందే కొట్టి పెట్టుకుంటే ఎండి బరువు తగ్గుతుంది, చక్కెర శాతమూ పడిపోతుంది. అందరి చెరకూ ఒకేరోజు ఆడించలేరు కాబట్టి ఎవరో ఒకరు వెనక ఉండక తప్పదు. వరుస ముందే తెలిస్తే రైతు తట్టుకుంటాడు. మధ్యలో మారిస్తేనే కొట్లాట.

సరే, గచ్చిబౌలికి వద్దాం. ఆరోజు సంతోష్ ట్రోఫీ ఫైనల్, బెంగాల్, కేరళ మధ్య. ఆఫీసు నుంచి అటే వెళ్ళాను. మ్యాచ్ 0-0 తోనే ముగిసేలా ఉంది. చివర్లో అదనపు నిమిషాల్లో రబీ హన్స్‌దా గోల్ కొట్టాడు. బెంగాల్‌కి అది 33వ టైటిల్.

నేను మాత్రం ఆటగాళ్ళ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆఖరి పావుగంట చాలామంది పరుగెత్తడం లేదు, ఈడుస్తున్నారు. ఇంటికొచ్చి తేదీలన్నీ వరుసగా రాసి చూశాను (మన జాతి లక్షణం కదా). బెంగాల్ మొదటి మ్యాచ్ డిసెంబరు 14న. 31 నాటికి ఎనిమిది మ్యాచులు, అంటే 18 రోజుల్లో. కేరళ 15న మొదలెట్టింది, 17 రోజుల్లో ఎనిమిది. బెంగాల్, మణిపూర్ క్వార్టర్ ఫైనల్స్ 26న, కేరళ, సర్వీసెస్‌వి 27న. సెమీస్ రెండూ 29న.

అంటే సెమీస్‌కి బెంగాల్‌కి, మణిపూర్‌కి ఒకరోజు రెస్టు ఎక్కువ. కానీ మణిపూర్ తన క్వార్టర్స్‌లో ఢిల్లీ మీద అదనపు సమయం కూడా ఆడాల్సొచ్చింది. సెమీస్‌లో రెస్టు తక్కువున్న కేరళ ఆ మణిపూర్‌ని 5-1తో కొట్టింది. రెస్టు ఎక్కువున్న బెంగాల్ సర్వీసెస్‌ని 4-2తో గెలిచింది. కాబట్టి ఒకరోజు తేడానే ఫలితాన్ని తేల్చేసిందని నేననను.

ఇలాంటి తేడా ప్రపంచకప్‌లోనూ ఉంటుంది. 2018లో ఫ్రాన్స్ సెమీస్ జులై 10న, క్రొయేషియాది 11న. పైగా క్రొయేషియా వరసగా మూడో మ్యాచ్ 120 నిమిషాలు ఆడింది. 15న ఫైనల్లో ఫ్రాన్స్ 4-2. 2022లో ఆ ఒకరోజు తక్కువ ఫ్రాన్స్ వంతుకే వచ్చింది. అర్జెంటీనా సెమీస్ డిసెంబరు 13న, ఫ్రాన్స్‌ది 14న. ఎవరు ఏ తేదీన పడతారో తెలియకముందే తేదీలు ఖరారయ్యాయి కాబట్టి దీన్ని ఎవరూ పెద్ద అన్యాయం అనరు. బాపు చెప్పిన చీటీ అన్నమాట.

నాకు అసలు గుచ్చుకున్నది వేరే. సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కి ముందు రెండు జట్లకీ మధ్యలో దొరికింది ఒక్కటంటే ఒక్క రోజు. ఇద్దరికీ సమానమే! ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేరు. కానీ అది సరిపోతుందా? 2025 జులైలో ఫిఫా, ఆటగాళ్ళ సంఘాలతో కూర్చున్నాక, మ్యాచుకీ మ్యాచుకీ మధ్య కనీసం 72 గంటలు ఉండాలని ప్రకటించింది. అది ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అన్న లెక్క కాదు. దీనికంటే కిందికి ఎవరినీ దించకూడదన్న లెక్క.

ఇప్పుడు ఆన్‌కాల్ గోల. నేను ఆరుగురున్న టీముకి లీడ్‌ని. ఆన్‌కాల్ పట్టిక నేనే వేస్తాను, తలా ఓ వారం. పండగలు కూడా లెక్కపెట్టి పంచుతాను. నా పట్టిక చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. ఆ డిసెంబరు మొదటివారంలో మా టీములో ఒక కుర్రాడు రెండు రాత్రులు వరసగా మూడింటి దాకా మేలుకున్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకి మామూలుగానే మీటింగుకి వచ్చాడు. ఆ మధ్యాహ్నం టెస్ట్ సర్వర్ మీద కొట్టాల్సిన కమాండు ప్రొడక్షన్ మీద కొట్టాడు. రెండు గంటలు సైటు పడిపోయింది. రిపోర్టులో కారణం దగ్గర "మానవ తప్పిదం" అని రాసింది నేనే. రెస్టు తీసుకుంటానని అడగొచ్చు కదా అంటే, "అందరూ చేస్తున్నదే కదన్నా, నేనొక్కణ్ణే ఎలా అడగను?" అన్నాడు.

అప్పుడు నాకది సరైన జవాబులాగే వినిపించింది. ఆ రాత్రి స్టేడియంలో ఈడుస్తున్న ఆ కాళ్ళు చూస్తుంటే వాడి మొహం గుర్తొచ్చింది. దాంతోపాటు మా ఎడ్లు కూడా. చెరకు దించి వచ్చాక, మర్నాటికి ఇంకో బండికి ఆర్డర్ చేతిలో ఉన్నా సరే, బాపు వాటికి నీళ్ళు పెట్టి, అలుపు తీరిందాకా మళ్ళీ కాడి ఎత్తేవాడు కాదు. పక్కింటాయన ఎడ్లు ఎంతసేపు నిలబడ్డాయో చూసి మా ఎడ్ల రెస్టు లెక్కగట్టిన రోజు ఒక్కటీ లేదు.

జనవరిలో రిపోర్టు తెరిచి, ఆ మానవుడి పక్కన పట్టిక వేసిన మానవుణ్ణి కూడా చేర్చాను. రాత్రి పన్నెండు దాటాక కాల్ వస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా పని లేదు, వరసగా రెండో రాత్రి వేరేవాళ్ళు చూడాలి అని రూలు పెట్టాను. మేనేజరు ఒప్పుకోవడానికి మూడు మీటింగులు పట్టింది. ఒక రిలీజు వారం వెనక్కి పోయింది, ఆ మాట నేనే పడ్డాను. పట్టికలో ఇప్పుడు గడులు అంత సమానంగా లేవు. ఎవరికి ఎన్ని కాల్స్ వస్తాయో మన చేతిలో లేదు కదా.

తమాషా ఏమిటంటే, ఆ రూలు మొదటిసారి వాడుకోవాల్సొచ్చింది నేనే. పదింటికే లాప్‌టాప్ తెరవబోతే ఆ కుర్రాడే మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఇంకా రెండు గంటలుంది."

మీ టీముల్లో రాత్రి కాల్ తర్వాత పొద్దున ఏం చేస్తారు? రాయండి, నేను ఇంకా నేర్చుకునే దశలోనే ఉన్నాను.