అగ్గువకే కుడతాను, కానీ...

జనగామలో నేను బట్టలు కుడతాను. ధర అగ్గువ. మొన్న మా చిన్నమ్మాయి అట్టమీద ఇంగ్లీషులో బోర్డు రాసింది: "డ్రెస్సెస్ స్టిచ్డ్ చీప్‌లీ." చౌకగా కుట్టబడును అని అర్థమట. సంతోషించాను.

మహబూబాబాదునుండి వచ్చిన మా వదినగారు ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారు. బోర్డు చూసి ఆగిపోయారు. "బిడ్డా, చీప్‌లీ కొన్నామంటే తక్కువ ధరకు కొన్నామని. చీప్‌లీ కుట్టామంటే మాత్రం నాసిరకంగా కుట్టామని కూడా వినిపిస్తుంది. మీ అమ్మ కుట్టు అట్లాంటిదా?"

నా ముఖం చిన్నబోయింది. ఇరవై ఏండ్లుగా నా చేతి కుట్టు ఊడిందని ఎవరూ తిరిగి తేలేదు! మన 'అగ్గువ'లో ఆ మచ్చ లేదు గదా. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బేరం, సంత అనే అర్థముండేదట. లండనులోని చీప్‌సైడ్ వీధికి ఆ పేరు అట్లా వచ్చిందేనట. ఎంత దిగజారింది పాపం.

"మరి ఇనెక్స్‌పెన్సివ్‌లీ?" అన్నది అమ్మాయి.

"తప్పులేదు. కానీ నోరు తిరగాలి, అట్టమీద పట్టాలి. 'ఎట్ లో కాస్ట్' అని రాయి. ధర తగ్గిందంటావు, పనిని ఏమీ అనవు."

అట్లే రాసి తగిలించాము. మరునాడు భూపాలపల్లినుండి వచ్చిన ఒక పెద్దమ్మ బోర్డువైపు చూడనే లేదు. జాకెట్టుగుడ్డ నా చేతికిచ్చి, "అగ్గువనే గదా బిడ్డా?" అన్నది.