సరుకుల చీటీ చిన్నబోయింది!

ఈ నాలుగైదేళ్లలో మీ పేటలో కూడా ఒకటో రెండో పెద్ద దుకాణాలు మూతపడే ఉంటాయి, ఒకసారి గుర్తు చేసుకోండి. అద్దాల తలుపులకి తాళం, లోపల ఖాళీ అరలు, బోర్డు పీకేసిన చోట గోడ మీద అక్షరాల మచ్చలు. కొన్నాళ్లు పోయాక చూస్తే అక్కడ ఏ బట్టల షోరూమో, డయాగ్నస్టిక్ సెంటరో వెలిసి ఉంటుంది. మనం కూడా, 'అరె, ఇక్కడ ఇదివరకు సూపర్ మార్కెట్ ఉండేది కదూ' అనుకుని ముందుకి నడిచేస్తాం.

"అదేమిటండీ, ఆదివారం సాయంత్రం కొండాపూర్ మాల్‌కి వెళ్తే కాలు పెట్టడానికి సందు ఉండదు, మీరేమో దుకాణాలు పోతున్నాయంటారు!" అని మీరు అడగొచ్చు. నిజమే. మాల్‌లో జనం ఉన్నారు. కానీ తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల చేతుల్లో సంచులెన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సినిమా చూశారు, ఏదో తిన్నారు, పిల్లల్ని ఆడించారు, చల్లగా కాసేపు తిరిగారు, వెళ్లిపోయారు. నేను చెప్పబోయేది ఆ తిరిగే చోటు గురించి కాదు. మనం నెలకోసారి చీటీ పట్టుకుని వెళ్లి, బండి తోసుకుంటూ ఇల్లు గడవడానికి కావలసినవి కొనుక్కునే దుకాణం గురించి.

ఈ శేరిలింగంపల్లి ఒకప్పుడు ఎలా ఉండేదో పాతవాళ్లకి తెలుసు. బి.హెచ్.ఇ.ఎల్. క్వార్టర్లు, యూనివర్సిటీ, మిగతాదంతా రాళ్లూ పొలాలూ. నాలుగు మంచి చీరలు చూడాలన్నా, పెళ్లికి స్టీలు సామాను కొనాలన్నా బస్సెక్కి ఆబిడ్స్‌కో, కోఠీకో పోవాల్సిందే. ఇక సరుకులంటారా, కిరాణా కొట్లో చీటీ ఇచ్చి నిలబడేవాళ్లం. కందిపప్పు ఏ రకం కట్టాలో కొట్టతని ఇష్టం. పొట్లం ఇంటికొచ్చి విప్పాక పుచ్చులు కనిపించినా మాట్లాడకుండా ఏరుకోవడమే!

అలాంటి రోజుల్లో త్రినేత్ర వంటి దుకాణాలు హైదరాబాదు ఇల్లాళ్లకి కొత్త అలవాటు నేర్పాయి. రత్నదీప్ కూడా 1987లో మొదలైందే. 2001లో బిగ్ బజార్ వచ్చింది. ఆ ఏడాదే ముషీరాబాద్‌లో జెయింట్ అనే పెద్ద దుకాణం తెరిచారు. ఇటు మన వైపు 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించాక ఊరి రూపురేఖలే మారిపోయాయి. 2009లో మాదాపూర్‌లో ఇనార్బిట్ మాల్ వచ్చింది. 2018లో కొండాపూర్‌లో శరత్ సిటీ మాల్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 9న ఐకియా వాళ్లు దేశంలోనే తమ మొదటి దుకాణాన్ని ఇక్కడ హైటెక్ సిటీలో తెరిచారు. పోలీసులు ట్రాఫిక్ మళ్లించేంతగా జనం!

ఆ దుకాణాల్లో మనకి దొరికింది పప్పూ ఉప్పే అనుకుంటే పొరపాటు. ఆడది ఒక్కతే వెళ్లి, ఎవరికీ జవాబు చెప్పకుండా, చల్లని చోట ఒక గంట గడపగలిగిన జాగా అది. రెండు రకాల నూనెల ధర పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. వద్దనుకుంటే తిరిగి అరలో పెట్టేయొచ్చు. 'తీసుకుంటావా, పోతావా' అని గదమాయించేవాడు లేడు. చేత్తో పట్టి, వాసన చూసి, తూకం చూసి కొనడమంటే ఇంటి పెత్తనం మన చేతుల్లో ఉన్నట్టే కదా!

మరి ఆ దుకాణాలేమయ్యాయి? ఒక్కొక్కటే చెబుతా వినండి. త్రినేత్రని బిర్లావాళ్లు కొని 2007లో 'మోర్'గా పేరు మార్చారు. మన తెలుగువాళ్ల హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు 124ని 2016లో ఫ్యూచర్ కంపెనీకి ఇచ్చేయడానికి ఒప్పందం చేసుకున్నారు. హైపర్‌సిటీ కూడా 2017లో ఆ ఫ్యూచర్‌వాళ్ల చేతికే వెళ్లింది. బిగ్ బజార్ ఎలాగూ వాళ్లదే. అంటే మూడు చెట్ల కాయలూ ఒకే బుట్టలోకి చేరాయన్నమాట! ఆ బుట్టకి అడుగు ఊడింది. 2020లో లాక్‌డౌన్ వచ్చేసరికి అసలే అప్పుల్లో ఉన్న ఫ్యూచర్‌వాళ్లు అద్దెలు కట్టలేకపోయారు. ఆ ఆగస్టులో రిలయన్స్‌కి అమ్మేస్తామన్నారు. అమెజాన్ అడ్డుపడి కోర్టుకెక్కింది. ఆ తగువు తేలకుండానే 2022లో రిలయన్స్ వందల దుకాణాల జాగాలు తన చేతుల్లోకి తీసుకుంది. 2024 జూలైలో ఫ్యూచర్ రిటైల్‌ని మూసేసి ఆస్తులు అమ్మెయ్యమని ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. అదే ఏడాది స్పెన్సర్స్ కూడా తెలంగాణ, ఆంధ్ర రెండింటిలోనూ దుకాణాలు కట్టేసింది.

విచిత్రమేమిటంటే, ఆ తగువులో ఒక పక్షమైన అమెజాన్ ప్రపంచంలోకెల్లా తన పెద్ద ఆఫీసు భవనాన్ని 2019లో కట్టింది మన నానక్‌రామ్‌గూడలోనే! ఎటు చూసినా మన గడప ముందు జరిగిన కథే.

అయితే పెద్ద మాల్స్‌కి ఢోకా లేదా? 2023లో దేశంలోని 8 పెద్ద నగరాల్లో నూటికి 40 వంతులకి మించి ఖాళీగా ఉన్న మాల్స్ 64 అని నైట్ ఫ్రాంక్ సంస్థ లెక్క వేసింది. అంతకు ముందు ఏడాది అవి 57. మన హైదరాబాదులో మాత్రం అలాంటి ఖాళీ జాగా 19 శాతం తగ్గిందట. సంతోషమే. కానీ నిండుతున్నది పెద్ద మాలు, పోతున్నది మన వీధి చివర దుకాణం. అద్దె, కరెంటు బిల్లు, జీతాలు నెల తిరిగేసరికి నెత్తిమీద ఉంటాయి. పప్పుల మీద, పంచదార మీద మిగిలేది అతి కొద్ది. మనం రెండుసార్లు వెళ్లి నాలుగోసారి మానేస్తే ఆ షాపు నిలబడేదెలా? పైగా సరుకు తెచ్చేవాళ్లకి బాకీ పడితే వాళ్లు పంపడం మానేస్తారు. అరలు ఖాళీ అవుతాయి. అవి చూసి ఉన్న నలుగురూ రావడం మానేస్తారు. పెద్ద దుకాణాలు కూలేది ఈ వరసలోనే.

ఇక మానేసి మనం వెళ్లేదెక్కడికి? ఎక్కడికీ లేదు, ఫోను దగ్గరికే! బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్... నిమిషాల్లో గుమ్మంలో కొత్తిమీర కట్ట. చంటిపిల్లల తల్లికి, మోకాళ్ల నొప్పుల పెద్దావిడకి అది వరమే, కాదనను. కానీ మా ఇంట్లో జరిగేది చెబుతాను, మీ ఇంట్లో కూడా ఇంతేనేమో చూసుకోండి. పొద్దున మా వారు పాలతో పాటు బిస్కెట్లు తెప్పిస్తారు. మధ్యాహ్నం అబ్బాయి చిప్స్. సాయంత్రం నేను ఒక్క అల్లం ముక్క కోసం తీస్తే, డెలివరీ చార్జీ తప్పుతుందని మరో రెండు వస్తువులు కలుపుతాను. అందరం కొంటున్నాం, లెక్క ఎవరి దగ్గరా లేదు. వెనక చీటీ మీద రాస్తే నెలకి కందిపప్పు ఎంతో, నూనె ఎంతో తెలిసేది. కిలో మినపగుళ్లు పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత పెరిగిందని అడిగితే ఠక్కున చెప్పే ఆడవాళ్లు మన అపార్టుమెంటులో ఇప్పుడెంతమంది? ఆ తెలివిడి పోవడం దుకాణం పోవడం కన్నా పెద్ద నష్టం.

ఇంకొక మాట. మేం వెళ్లే షాపులో బిల్లు కౌంటర్ దగ్గర లింగంపల్లి అమ్మాయి ఒకతె ఉండేది. నా బండిలోకి తొంగి చూసి, "ఏంది ఆంటీ, ఈసారి ఇడ్లీ రవ్వ తీస్కోలే?" అనేది. నేను మర్చిపోయింది తనే గుర్తుచేసేది. షాపు మూసేశాక ఇప్పుడు ఫోను ఆర్డర్లు సర్దే గోడౌన్లో పనిచేస్తోంది. బోర్డు ఉండదు, కస్టమర్లు రారు. "మాట్లాడేటందుకు టైమే ఉండదు ఆంటీ, గడియారం జూస్కుంట ఉరుకుడే" అంది మొన్న బస్టాపులో కనిపించి. తన జీతం తనకి వస్తోంది. కానీ ఆ పిల్ల ముఖం మనకి, మన ముఖం ఆ పిల్లకి కనపడకుండా పోయాయి.

మూతపడే దుకాణంతో మనకి మరో చిక్కు కూడా ఉంది. మా పక్క ఫ్లాటు వదినగారికి గృహప్రవేశంలో ఎవరో రెండువేల గిఫ్టు కూపన్లిచ్చారు. పండక్కి వాడదామని ఆవిడ బీరువాలో భద్రంగా దాచారు. పండగ వచ్చేసరికి షాపే లేదు! కంపెనీ దివాలా తీస్తే బాకీలవాళ్ల వరసలో బ్యాంకులు ముందుంటాయి, మన కూపను ఎక్కడో తోకలో ఉంటుంది. అందుకే కూపన్లు, పాయింట్లు వచ్చిన నెలలోనే వాడేయండి. అరలు పలచబడ్డా, 'స్టాకు రాలేదండీ' అనే మాట పదేపదే వినపడ్డా, అక్కడ అడ్వాన్సులు కట్టకండి. ఉన్న షాపువాడు కూపను చెల్లదని మొరాయిస్తే 1915కి ఫోను చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

పాతరోజులు తిరిగి రావాలని నేననను. కొట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ రోజులు నాకేం ముద్దుకావు. ఫోను పారేయమనీ అనను. అత్యవసరానికి ఫోను, నెల సరుకులకి కాళ్లు అని ఒక పద్ధతి పెట్టుకుందాం, చాలు. ఒకటో తారీఖు రాగానే డబ్బాలన్నీ మూతలు తీసి చూసి చీటీ రాయండి. ఇంకా తెరిచి ఉన్న దగ్గరి షాపుకి నడవండి. ప్యాకెట్ మీద మొత్తం ధర పక్కనే కిలోకో గ్రాముకో ఎంత పడుతుందో ముద్రిస్తున్నారు, అది చదివి రెండు రకాలు పోల్చండి. వస్తూ వస్తూ కౌంటర్‌లో అమ్మాయిని పేరు పెట్టి పలకరించండి.

మనం కొంటేనే ఆ తలుపు తెరిచి ఉంటుంది. మరి ఈ నెల చీటీ రాయడం మొదలుపెడతారా?