బండి చప్పుడు

నలోపాఖ్యానము చదివినవారికి, దమయంతి రథఘోషము విన్నంతనే దానిని తోలువాడు నలుడేయని శంకించిన సంగతి జ్ఞాపకముండును. మేమా కథను చిన్ననాట తండ్రిగారియొద్ద ఆరణ్యపర్వమున చదువుకొంటిమి. కాని చప్పుడునుబట్టి బండి గుట్టు కనిపెట్టవలసిన యవసరము మాకును గలుగునని యప్పుడు తలంపలేదు.

మావారు ఖానాపూరులో ఉపాధ్యాయులు. మాకొక చిన్న కారు కలదు. పాతదిగానే కొన్నది, ఇప్పటికి 90,000 కిలోమీటర్లు తిరిగినది. అత్తమ్మకు వెన్నుపూసలో నొప్పి యగుటచే పదునైదు దినములకొకమారు మామడమీదుగా నిర్మలు వైద్యునియొద్దకు తీసికొనిపోవుచుందుము. 2022 జూలైలో కడెము ప్రాజెక్టు గేట్లమీదుగా నీరు పొర్లిన నాటి వానలను మా వైపువారెవరును మరువరు. అంతటివి కాకున్నను, ఏటేట వానలు వెలిసిన పిదప త్రోవలో గుంతలు పడుట మామూలే. పోయిన యేడు ఆ గుంతలలో మా కారు వెనుకనుండి టకటకయను చప్పుడు మొదలయ్యెను. "జర మెల్లగ పొమ్మను బిడ్డా, నడుమిరుగుతున్నది" అని అత్తమ్మ మా చేయి పట్టుకొనెడిది. మెల్లగా పోయినను ఫలము లేకపోయెను. ఒకనాటి సాయంకాలము బర్రె యడ్డము రాగా మావారు బ్రేకు తొక్కిరి. కారు ముక్కు నేలకు వంగి, ఆగిన పిదపగూడ ఊగెను. అత్తమ్మ సీటునుండి జారిపడెను. ఆ రాత్రి ఆమె, "ఇగ నేను నిర్మలుకు రాను, మందులు లేకున్నా సరే" అని ముసుగు పెట్టుకొని పడుకొనెను. మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మావారు కారు నొక కార్ఖానాకు తీసికొనిపోయిరి. అచటి మేస్త్రీ క్రిందికి వంగియైనను చూడక, నాలుగు షాకబ్జర్లును పోయినవి, 14,000 రూపాయలగునని చెప్పెనట! మావారు ఒప్పుకొని వచ్చిరి. మేము మాత్రము, "రెండు దినములు గడువిండు, నేనొకమారు చూచెదను" అంటిమి. "నీకెందుకీ కిరికిరి?" అని నవ్విరి గాని, కాదనలేదు.

కారుతో వచ్చిన పుస్తకమును, పిల్లల భౌతికశాస్త్ర పుస్తకమును ముందు పెట్టుకొని కూర్చుంటిమి. ప్రబంధమునకు వ్యాఖ్యానము చదివినవారికి ఇది యేమంత కష్టము కాదు. అన్వయము కుదిరినచో అర్థము దానంతట నదియే వచ్చును. బండి బరువు మోయునది స్ప్రింగు. షాకబ్జరు బరువు మోయదు. గుంతలో నొక్కుకొన్న స్ప్రింగు పైకి లేచి, మరల నొక్కుకొని, ఊయెలవలె ఊగుచునేయుండును. ఆ యూపు నడచుటయే షాకబ్జరు పని. గొట్టములో నూనె, ఆ నూనెలో సన్నని రంధ్రములుగల పిస్టను ఉండును. మురుకుల గొట్టము నొక్కునప్పుడు పిండి యెట్లు చేతి కెదురు తిరుగునో, ఆ రంధ్రములలోనుండి పోవు నూనెయు నట్లే పిస్టను కెదురు తిరుగును. ఊపు వేడియై గాలిలో కలిసిపోవును. నూనె కారిపోయినను, లోపలి బిళ్లలు అరిగినను ఎదురు తిరుగునది లేక బండి యూగును. నిజాము రాజ్యమున 1932లో రైల్వేవారు 27 బస్సులతో ప్రయాణములు సాగించిననాడు అందెక్కినవారి నడుములగతి యేమోయని మాకు తోచినది. అత్తమ్మ నడిగినచో, ఎడ్లబండియే నయమనును.

పరీక్షకు ముందు డిక్కీ ఖాళీ చేసితిమి. జాకీ, స్టెప్నీ, అత్తమ్మ రాగిచెంబు — అన్నియు తీసి, వీధి చివరవరకు పోయి వచ్చితిమి. సగము చప్పుడు చెంబుదే! మిగిలిన సగమే రోగము.

పిదప నాలుగు మూలలను ఒక్కొక్కటిగా రెండుచేతులతో బలముగా నొక్కి విడిచితిమి. ముందటి రెండును ఒక్కమారు లేచి నిలిచినవి. వెనుక కుడిది కొంచెము తడబడి యాగినది. వెనుక ఎడమది మాత్రము మూడుమారు లూగినది. చీపురుతో మట్టి దులిపి చూడగా దాని గొట్టమునిండ నూనె కారి, దుమ్ముతో కలిసి జిడ్డుకట్టియుండెను. పైపైన తేమ కనబడినచో భయములేదు గాని, ధారకట్టినచో అది పనికిరాదు. ఆ ప్రక్క టైరును చేతితో తడిమినచో ఎగుడుదిగుడుగా అరిగియున్నది.

కాని చప్పుడు? ఊపు వేరు, చప్పుడు వేరు. మా పెద్దవాడు కారు నూపుచుండ, మేము షాకబ్జరు పైకొన వద్ద వ్రేళ్లు మోపి యుంచితిమి. టక్కుమన్నప్పుడెల్ల వ్రేళ్లకు తగిలెను. అచటి రబ్బరు బుష్షు అరిగి ఇనుము ఇనుమునకు కొట్టుకొనుచున్నది. కావున వెనుక రెండును, వాని బుష్షులును మార్చిన చాలును. ఒక్కటే మార్చరాదు, ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతది యైనచో మలుపులలో బండి సమముగా నిలువదు. నిర్మలులో అన్నియు కలిపి 3,100 రూపాయలకు దొరకినవి.

ఆదివారమునకు ముందురాత్రియే తుప్పుపట్టిన నట్లకు నూనె పోసియుంచితిమి. ముందుచక్రములకు అడ్డముగా రాళ్లు పెట్టి, వెనుకభాగమును జాకీతో లేపి, పంక్చరు దుకాణమునుండి తెచ్చిన ఇనుప స్టాండ్లు పెట్టితిమి. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి చేయి పెట్టుట ప్రాణముతో చెలగాటము. ఇటుకలును పనికిరావు, బరువునకు పగులును. షాకబ్జరు విప్పినచో ఇరుసు క్రిందికి జారును గనుక దాని క్రింద జాకీ నానించితిమి. మావారు పానా పట్టిరి. పుస్తకము మాచేత నుండెను. పానా పట్టినది తామే గనుక బాగుచేసినదియు తామేయని ఇప్పటికిని చెప్పుకొందురు. పోనిండు. క్రొత్తదానిని నిలువుగా పట్టి, లోపలి గాలి పోవునట్లు నాలుగైదుమారులు పూర్తిగా లాగి నొక్కి, పిదప బిగించితిమి.

ఇచట నొక పొరపాటు చేసితిమి; తప్పు మాదే. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగనే క్రింది బోల్టులను గట్టిగా బిగించితిమి. కారు నేలకు దిగినప్పుడు రబ్బరు మెలివడినది. మూడవనాడు కీచుమను క్రొత్త చప్పుడు! మావారు గ్రీజు పూయుదమనిరి. గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేయునని వారించి, పుస్తకము మరల చూడగా, బండి బరువు చక్రములమీద నుండగా బిగింపవలెనని స్పష్టముగా నుండెను. ఆ వాక్యమును మేమే దాటవేసి చదివితిమి. కారు నేలమీద నుంచి, ఆ బోల్టులు సడలించి, మరల బిగించిన పిదప చప్పుడు పోయినది.

ముందటివి అరిగిననాడు మాత్రము మేము చేయి పెట్టము. 1940ల చివర మెక్‌ఫర్సను అను అమెరికా ఇంజనీరు రూపొందించిన పద్ధతి ప్రకారము అచట షాకబ్జరుచుట్టు స్ప్రింగు నొక్కబడి యుండును. తగిన పనిముట్టు లేక విప్పినచో అది యెగిరి ముఖమునకు తగులవచ్చును. అది మేస్త్రీపనియే.

అత్తమ్మను మరల బయలుదేరదీయుటకు రెండు దినములు బ్రతిమాలవలసి వచ్చెను. మామడ దాటువరకు ఆమె మా చేయి విడువలేదు. పిమ్మట చూడగా చేయి వదలి, తల ప్రక్కకు వాల్చి నిద్రించుచుండెను. రాగిచెంబు మా యొడిలోనే యుండెను.