ఫోన్లో గొంతా, ఎదురుగా మనిషా

ఈసారి పంట సంగతి కాదు, నా కడుపు సంగతి. సిగ్గుపడుతూనే రాస్తున్నా.

ఆరేళ్లుగా ఐబీఎస్. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంటారు, కడుపు మాత్రం మెలిపెడుతుంది. మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకి బయల్దేరాలంటే ముందురోజు రాత్రే అన్నం మానేయడం. పోయినేడు రేటు మాట్లాడే వేళకి నేను బాత్రూముల దగ్గరున్నా. మా బావమరిది ఒప్పుకున్న రేటుకే ఇచ్చేశాం.

డాక్టరు గారు హిప్నోథెరపీ అన్నారు. వశీకరణం అనుకున్నా, కాదంట. కళ్లు మూసుకుని, ఒళ్లు వదులు చేసి, పేగులు నెమ్మదించినట్టు ఊహించుకోవడం. 1984లోనే ఇంగ్లండులో వోర్వెల్ అనే డాక్టరు 30 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి చేసి చూశాడు.

మా అబ్బాయి ఫోన్లో యాప్ వేశాడు. ఖర్చు తక్కువ, బస్సెక్కే పనిలేదు (నాలాంటోడికి బస్సే పెద్ద గండం). కానీ అంతా ఇంగ్లీషు. అర్థం కోసం చెవులు రిక్కిస్తే ఒళ్లెక్కడ వదులవుద్ది? ఇంగ్లీషు వచ్చినోళ్లకి అదే చాలేమో.

చివరికి విజయవాడలో సైకాలజిస్టు మేడమ్ దగ్గరికెళ్లా. "ఏ పనిలో ఉంటే కడుపు గుర్తురాదు?" అని అడిగారు. చేలో నీళ్లు పెట్టేటప్పుడు అన్నా. అదే పట్టుకున్నారు. మడవ తీసినట్టు, నీళ్లు తొందర లేకుండా సాళ్లలో పారినట్టు చెప్పారు. ఆ మాటలు రికార్డు చేసిచ్చారు, రోజూ రాత్రి వింటున్నా.

పూర్తిగా తగ్గలేదు. మెలి వస్తోంది, భయం తగ్గింది. ఒకమాట, దొడ్డికి రక్తం పడినా, ఒళ్లు తగ్గిపోతున్నా ఇవేవీ కాదు, ముందు డాక్టరుకి చూపించుకోండి.

మొన్న యార్డుకి రెండిడ్లీ తినే వెళ్లా. రేటు నేనే మాట్లాడా.