గుట్టు, జిరాక్సు

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ వైపు నడుస్తుంటే కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్ళు, హాస్టళ్ళు, టిఫిన్ బండ్లు కనిపిస్తాయి. వాటన్నిటి మధ్యా ఇరుక్కుని జిరాక్సు షాపులు. గ్రూప్స్ పరీక్షల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, సంతకం అన్నీ ఏదో ఒకరోజు ఆ షాపుల కంప్యూటర్ల గుండా పోవాల్సిందే.

మా పిన్ని కూతురు కూడా అక్కడే ఒక హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక శనివారం తనతో పాటు ప్రింట్ల కోసం వెళ్ళాను. షాపతను డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. ‘ఆధార్ ఫ్రంట్’, ‘ఆధార్ ఫ్రంట్ 1’, ‘ఆధార్ ఫ్రంట్ 2’... కిందికి జరుపుతూ పోతే అంకె రెండొందలు దాటింది. ఇవన్నీ తీసెయ్యరా అన్నాను. “ఎవరు చూస్తరు సార్, రోజుకి వందమంది వస్తరు” అన్నాడు. అతనిలో దురుద్దేశమేమీ లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. దురుద్దేశం లేనివాళ్ళ దగ్గర పోగుపడిందే, ఉన్నవాడి చేతికి తేలిగ్గా చిక్కుతుంది.

బయటికొచ్చాక మా చెల్లి, “మన దగ్గర ఏముందని అన్నయ్యా దొంగిలించడానికి?” అంది. న్యాయమైన ప్రశ్నే. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. భూమి పోలేదు, డబ్బు పోలేదు. పోయింది పేరు. ఆ సిమ్‌తో రేపు ఎవడేం చేసినా పోలీసులు ముందు వెతికేది ఆ పేరునే. 2023 ఏప్రిల్లో సైబరాబాద్ పోలీసులు 66.9 కోట్లమంది వివరాలు దగ్గర పెట్టుకున్న ఒకణ్ణి పట్టుకున్నారు. అందులో బడిపిల్లల వివరాలూ ఉన్నాయి.

మన భాషలో దీనికి దగ్గరి మాట ‘గుట్టు’. కానీ గుట్టు అనగానే దాచుకోవాల్సిన తప్పేదో ఉందన్న అర్థం తోస్తుంది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాం. అక్కడ గుట్టు విప్పింది ఇంటివాడు, విన్నది శత్రువు. ఇప్పుడు విప్పుతున్నది మనమే, అదీ అడిగిన ప్రతివాళ్ళకీ, రెండు కాపీలు. మా చెల్లి పుట్టినతేదీలో రహస్యమేమీ లేదు. అయినా అది తనది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కానీ అది డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకే. స్కూలు బీరువాలో మగ్గే జిరాక్సు కాగితం, స్కాన్ అయ్యేదాకా దాని కిందికి రాదు. కాబట్టి కొంత జాగ్రత్త మనదే. ఆధార్ అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగాలి. కాపీ మీద ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా రాయాలి. ప్రింటయ్యాక ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. షాపతనితో తగవు అక్కర్లేదు. “అన్నా, అది తీసెయ్యవా” అంటే చాలు, చాలామంది తీసేస్తారు.

స్కూళ్ళతోనే కష్టం. ఫలితాల సీజన్లో నారాయణగూడ చౌరస్తాలో నిలబడి చూడండి. ఫ్లెక్సీల నిండా పిల్లల ఫోటో, పేరు, మార్కులు, కొన్నిటి మీద హాల్‌టికెట్ నంబరు కూడా. ఆ నంబరు కొడితే సబ్జెక్టులవారీగా మార్కులన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. తల్లిదండ్రులకి అది గర్వం, స్కూలుకి ప్రకటన. మధ్యలో పదిహేనేళ్ళ పిల్ల. ఫ్లెక్సీ అచ్చుకి పంపేముందు ఆ పిల్లని కూడా ఒకమాట అడిగితే ఏం పోతుంది?